బాల్కనీ కొమ్మకి పూయని పడౌక్

పూలు అమ్ముకునే మనిషి పూలు చూడ్డానికి ప్రయాణం కడితే ఎవరైనా నవ్వుతారు. మా వీధిలో అందరూ నవ్వారు. విశాఖలో మా పూల కొట్టు మా అమ్మ పెట్టింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తడి గోనెపట్టా పక్కన కూర్చుని మల్లెమొగ్గలు కడుతున్నాను. ఏ పువ్వు ఎన్ని గంటలు ఆగుతుందో, దేన్ని తడిగుడ్డలో చుట్టాలో, దేన్ని చుడితే కుళ్ళిపోతుందో నన్నే అడుగుతారు. అలాంటిదాన్ని మండుటెండల్లో, కొట్టు పక్కావిడకి అప్పజెప్పి, రెండు విమానాలు మారి రంగూన్ వెళ్ళాను. ఇప్పుడు యాంగోన్ అంటారు. మా నాన్న రంగూన్ అనేవాడు కాబట్టి నా నోటికీ అదే వస్తుంది.

నాన్న అక్కడే పుట్టి, కుర్రతనంలో ఓడెక్కి ఇటు వచ్చేశాడు. ఆ ఊరి గురించి పెద్దగా చెప్పేవాడు కాదు. ఎండలు ముదిరి మొదటి చినుకు పడ్డ రోజు మాత్రం కొట్టు ముందు నిలబడి ముక్కు ఎగబీల్చి, "ఇయాల రంగూన్ల పడౌక్ పూసీసుంటాదే" అనేవాడు. ఆ చెట్టు ఏడాదంతా ఊరుకుంటుందట. అక్కడి కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ ముందు ఒక్క వాన పడితే చాలు, తెల్లారేసరికి ఊరంతా ఒక్కసారి పసుపు అయిపోతుందట. ఆ ఒక్క రోజే. మర్నాటికి పూలన్నీ రోడ్డు మీద ఉంటాయట. మన వేగిస చెట్టుకి దగ్గర చుట్టమని కూడా చెప్పేవాడు. నేను నమ్మేదాన్ని కాదు. ఒక్క రోజు పూసే పువ్వుని ఎవడు కొంటాడు, ఎవడు అమ్ముతాడు అని వాదించేదాన్ని. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పోయాక చాలా ఏళ్ళకి వదిన ఫోన్ చేసింది. వదినంటే మా మేనత్త కూతురు. మా అత్త అక్కడి తెలుగు బాప్టిస్టుల ఇంటికి కోడలై ఉండిపోయింది, వదిన అక్కడే పుట్టి పెరిగింది. ఎప్పుడో ఒకసారి అత్తతో విశాఖ వచ్చినప్పుడు ఇద్దరం ఒకే చాప మీద పడుకున్నాం, అంతే. ఆ తర్వాత అంతా ఫోన్లోనే.

"మీ అన్నయ్యకి ఒక కన్ను పోనాది" అంది వదిన. అన్నయ్యంటే వాళ్ళాయనే, నేను వరసకి అలా పిలుస్తాను. "రెండోదానికి కూసింతే కనబడతాది. డాక్టరు వొచ్చే యేడు దాకా ఉండదన్నాడు. ఈ యేడు పడౌక్ సూసీసి మరి పోతే పోనీ అంటన్నాడు. నువ్వూ రాయే. మావయ్య సెప్పిన పువ్వు నువ్వు కూడా సూసినట్టుంటాది."

ఆ ఫోన్ పెట్టాక ఆ రోజు కట్టిన దండలన్నీ వంకరగా వచ్చాయి. వారంలో టికెట్టు తీసేశాను.

మింగళాడోన్‌లో విమానం దిగి బయటికి వస్తే నన్ను ఎవరూ పిలవలేదు. నేనూ ఎవర్నీ గుర్తుపట్టలేదు. ఒక ముసలావిడ నా పక్కనే నిలబడి అటూ ఇటూ చూస్తోంది. కాసేపటికి ఇద్దరం ఒకరినొకరం అనుమానంగా చూసుకున్నాం. వదినే. రెండేళ్ళ కిందట వీడియోలో చూసినప్పుడు నల్లటి ముడితో ఉండేది, ఇప్పుడు తల పండి తెల్లటి దూదైపోయింది. నాకు నోరు ఆగదు కదా, "ఇదేటొదినా ఇలగైపోనావు" అనేశాను. "రంగేస్తే దురదొస్తంది, మానీసినాను" అని నా సంచి లాక్కుని టాక్సీ వైపు నడిచింది.

వాళ్ళిల్లు చౌక్తడాలో, పాత తెల్లదొరల కాలపు మేడల మధ్య ఒక సందులో, నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. మెట్లు నిటారుగా, చీకటిగా ఉంటాయి. ఎక్కుతూ దారి పొడుగునా ఆ మెట్లు కట్టినవాణ్ణి తిట్టుకున్నాను. అన్నయ్య బాల్కనీలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నా గొంతు విని లేచి, ముఖం అటూ ఇటూ తిప్పి, కుడికంటిని నా మీద నిలిపి నవ్వాడు. చేతి గాజు సందులోంచి చూస్తే ఎంత కనబడుతుందో ఆయనకి లోకం అంతే కనబడుతుంది, అదీ మంచి వెలుతురుంటేనే. ఇంట్లో మసక. కరెంటు ఉన్నా మసకే, లేకపోతే చెప్పేదే లేదు.

అన్నయ్య ఒకప్పుడు కొట్లకి బోర్డులు రాసేవాడు. బర్మా అక్షరాలు గుండ్రంగా ఆయన రాసినట్టు ఎవరూ రాయలేరని వదిన గొప్ప. చూపు తగ్గుతున్న రోజుల్లో, పోయిన ఏడాదికి ముందు చలికాలంలో, రెండో అంతస్తు మలుపు దగ్గర మెట్టు అంచనా తప్పి దొర్లిపోయాడట. దెబ్బలేం పెద్దవి కావు. కానీ కింద టీ కొట్టులో వాళ్ళంతా వచ్చి మోసుకొచ్చారు. ఆ రోజు నుంచి మెట్లు దిగలేదు. చర్చికీ లేదు, పాస్టరే ఇంటికి వచ్చి ప్రభువు బల్ల రొట్టె ఇచ్చి వెళ్తాడు. ఆ ఊళ్ళో ప్రతి బాల్కనీ నుంచీ రోడ్డు దాకా ఒక తాడు వేలాడుతుంది, కొసకి క్లిప్పూ చిన్న గంటా ఉంటాయి. పేపరైనా, కూరలైనా కింద కట్టి గంట కొడితే పైనుంచి లాక్కుంటారు. అన్నయ్యకి ఆ తాడే కాళ్ళు. "తాడు దిగుతంది గదా, నానెందుకు" అనేవాడు. వదిన బతిమాలి బతిమాలి అలిసిపోయిందట.

ఆ సందులో ఒక పడౌక్ చెట్టుంది. దాని కొమ్మ ఒకటి సరిగ్గా వాళ్ళ బాల్కనీ కమ్మీల మీదికి వచ్చి ఆగింది. అన్నయ్య ఏడాదంతా దాన్నే కనిపెట్టుకుని ఉన్నాడు. పొద్దున ఎండ బాల్కనీలోకి వచ్చిన ఆ గంట సేపు, కొమ్మని రెండు చేతులతో దగ్గరికి తెచ్చుకుని, కుడికంటికి ఆనించినంత పని చేసి, ఒక్కో రెమ్మా చూసేవాడు. ఆకుపచ్చ పూసల్లాంటి మొగ్గలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"కోసిన పువ్వు ఎవుడైనా తెచ్చిస్తాడు" అన్నాడు నాతో మొదటి రోజే. "సెట్టు మీద సూడాల. రాత్రి మొగ్గ, తెల్లారేసరికి పువ్వు. ఆ ఒక్కటీ సూసీస్తే ఇంక ఈ కన్ను ఏటైపోయినా పరవాలేదు."

వదిన వెనకాల గుమ్మంలో కూర్చుని కూర తరుగుతోంది. చేతులు ఆగాయి, మళ్ళీ కదిలాయి.

అలా వాన కోసం ఎదురుచూడ్డం మొదలైంది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నిద్రలో నడిచినట్టుంటుంది. పొద్దున పదకొండు దాటితే ఊరంతా సద్దుమణిగిపోయేది. కరెంటు పోయేది. ముగ్గురం తలుపులన్నీ తెరిచి సిమెంటు నేల మీద తలో మూలా పడుకునేవాళ్ళం. కాకులు కూడా అరవడం మానేసేవి. కింద ఎవరో ఏదో అమ్ముతూ పాడుతున్నట్టు సాగదీసి అరుస్తూ పోయేవారు, ఆ గొంతు సందు మలుపు తిరిగాక కూడా చాలాసేపు చెవిలో ఉండేది. రెండు మేడల మధ్య సందులోంచి పగోడా బంగారు కొస వణుకుతూ కనబడేది. కళ్ళు మూస్తే నాన్న. ఓడ మెట్ల మీద నిలబడి, తల నిండా పసుపు పూలతో, "సూసినావా, అమ్మకానికి కాదే" అంటున్నాడు. ఎక్కణ్ణుంచో "మీ లాబీ" అని పిల్లలూ పెద్దలూ ఒక్కసారి అరిచేవాళ్ళు. కరెంటొచ్చిందని అర్థం. ఫ్యాను గిర్రున తిరిగేది. నేను లేచి కూర్చుని, ఇది రంగూనే కదా అని ఒకసారి నాకు నేనే చెప్పుకునేదాన్ని.

సాయంత్రాలు వదినా నేనూ మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ ఇంటి పద్ధతిలో ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. పూలకొట్టుదాన్ని, నాకు అది వింటేనే ఒళ్ళు మండింది. "దేవుడు పూలెందుకు పుట్టించినాడొదినా మరి" అన్నాను. వదిన నవ్వింది. "పడౌక్ రోజు పెట్టుకుంటాను. ఆ రోజు ఊళ్ళో అందరూ పెట్టుకుంటారు. మా పెళ్ళైన యేడు నుంచీ మీ అన్నయ్యే తెచ్చీవోడు. పెట్టుకున్నాక ఎనక్కి తిప్పి సూసీవోడు." చెప్పి, సిగ్గుపడి, గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

నా తిరుగు టికెట్టు తొమ్మిదో రోజుకి. ఆరు రోజులు గడిచాయి, ఆకాశం ఉలకలేదు, పలకలేదు. ఏడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలి దుమ్ము లేపింది, తాళ్ళకున్న గంటలన్నీ వాటంతటవే మోగాయి. తర్వాత వాన. పది నిమిషాలే పడింది గానీ, అన్నయ్య బాల్కనీలో తడుస్తూ నిలబడి, కమ్మీలు పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. "రేపే" అన్నాడు. ఎదుటి మేడ మీదివాళ్ళు కూడా చేతులూపి బర్మాలో అదే అన్నారు.

ఇక్కడే నా తెలివి తెల్లారింది.

సాయంత్రం వదిన ప్రార్థన కూటానికి వెళ్ళింది. అన్నయ్య లోపల రేడియో పెట్టుకుని పడుకున్నాడు. నేను బాల్కనీలో నిలబడి ఆ కొమ్మని చూస్తున్నాను. గాలి ఇంకా విసురుగానే ఉంది. నా బుర్ర కొట్టులో తిరిగినట్టు తిరిగింది. రేపు పొద్దున్న ఎండ ఈ వైపు వచ్చేసరికి సగం పూలు రాలిపోతే? మబ్బు పట్టి ఎండే రాకపోతే? మేం మల్లెల్ని విచ్చుకున్నాక కొయ్యం. సాయంత్రం మొగ్గగా కోసి తడిగుడ్డలో చుడతాం, అది గుడ్డలోనే విచ్చుకుంటుంది. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసిన పని అదొక్కటే. ఈ మొగ్గల్ని ఇప్పుడే కోసి గుడ్డలో చుట్టి పెడితే, తెల్లారి అన్నయ్య లేచేసరికి ఆయన ఒళ్ళో పసుపు పోస్తాను అనుకున్నాను. చెట్టు మీద చూడాలన్న మాట నాకు గుర్తుంది. ఒక్క రెమ్మ కొమ్మకి ఉంచుదాం అని కూడా అనుకున్నాను. కానీ చెయ్యి ఊరుకోదు కదా. కొయ్యడం మొదలుపెడితే చెట్టు బోసిపోయేదాకా ఆగే చెయ్యి కాదు ఇది. కమ్మీల మీదికి వంగి, అందినంత వరకూ తుంచేశాను. నీళ్ళు చల్లి, వదిన కట్టుకునే పాత బర్మా లుంగీలో చుట్టి, కుండ పక్కన పెట్టాను. నాకు నేనే మెచ్చుకుని పడుకున్నాను కూడా.

తెల్లగా తెల్లారేసరికి వాసనకి మెలకువ వచ్చింది. తియ్యగా, పలచగా, ఇల్లంతా ఉంది. నా మూట విచ్చుకుందని సంబరంగా లేచి విప్పాను. లోపల ఆకుపచ్చ పూసలు. ఒక్కటీ విచ్చుకోలేదు. కొన్ని తొడిమ దగ్గర నల్లబడి, ముట్టుకుంటే రాలుతున్నాయి. మరి ఆ వాసన ఎక్కడిది?

బాల్కనీలోకి వెళ్ళాను. చెట్టు చెట్టంతా పూసింది. సందు చివరి చెట్టు, దాని అవతల పెద్ద రోడ్డు మీది చెట్లు, అన్నీ పూశాయి. ఆ పసుపు ఎదుటి మేడల గోడల మీద కూడా పడింది. మా నాన్న అబద్ధం చెప్పలేదు. మా బాల్కనీ ముందు కొమ్మ ఒక్కటే బోడిగా ఉంది.

దాచడానికి ఏమీ లేదు, ఎక్కడికీ పోలేను. అన్నయ్య అప్పటికే గోడ పట్టుకుని వస్తున్నాడు, ఉతికిన బనీను వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ చాచి, కొమ్మని దగ్గరికి తెచ్చుకున్నాడు. కుడికన్ను ఆనించాడు. కొమ్మ పొడుగునా వేళ్ళు జరిపాడు. తుంచిన మోళ్ళు వేళ్ళకి తగిలాయి.

"ఇదేటి?" అన్నాడు.

"నానే కోసినాను అన్నయ్యా." మూట ఆయన ముందు పెట్టాను. "గుడ్డలో పెడితే పూస్తాయనుకున్నాను. మల్లెలలగ. పూయనేదు."

వదిన వెనక నుంచి వచ్చి మూట చూసింది, కొమ్మ చూసింది. "నీ సెయ్యి పడిపోనూ" అంది మెల్లిగా. ఇంతమంది చేత మాటలు పడ్డాను జీవితంలో, అది గుచ్చుకున్నట్టు ఏదీ గుచ్చుకోలేదు. ఎందుకంటే ఆవిడ కోపంగా అనలేదు, ఏడుస్తూ అంది.

అన్నయ్య తిడితే బావుండునని ఎదురుచూశాను. కొమ్మ వదిలేశాడు, అది కాస్త పైకి లేచి ఊగింది. ముఖం ఎత్తి అవతలి పసుపు కోసం వెతుకుతున్నాడు. దూరం ఆయనకి అందదు, అందులో పైన ఎండ మెరుపు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కింద టీ కొట్టులో ఎవరో నవ్వుతున్నారు. చాలాసేపటికి తల దించుకున్నాడు.

"సొక్కా ఇయ్యే" అన్నాడు వదినతో.

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి. కిందకి. కింద సెట్టుకి కొమ్మల్లేవేటి."

వదిన పరుగున వెళ్ళి చొక్కా తెచ్చింది, బొత్తాలు తప్పుగా పెట్టింది, మళ్ళీ తీసి పెట్టింది.

మెట్లు నేను ముందు వెనక్కి నడుస్తూ దిగాను, ఆయన చేతులు నా భుజాల మీద. వదిన వెనకాల చొక్కా పట్టుకుంది. "మెట్టు" అంటాను, దిగుతాడు. "మెట్టు." మూడో అంతస్తు అయింది. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగిపోయాడు. చేతులు చెమటతో జారుతున్నాయి. నేను తప్పు చేశానని, నా మొహం చూసైనా దిగమని అడగాలనిపించింది. ఆయనకి నా మొహం ఆ చీకట్లో కనబడదు. ఆయనకి పట్టు చిక్కేలా భుజాలు బిగించి నిలబడ్డాను. కింది నుంచి వాసన పైకి వస్తోంది. ఆయన పాదం ముందుకు జరిపి, మెట్టు అంచు వెతుక్కుని, దిగాడు.

వీధిలోకి రాగానే టీ కొట్టు ఆవిడ కెటిల్ అలాగే వదిలేసి "ఊలే" అంటూ ఎదురొచ్చింది. చిన్నాన్నా అని పిలవడం అది. కుర్చీలు జరిపారు, దారి ఇచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ తలలో ఉన్న పూలరెమ్మ తీసి సగం తుంచి, వదిన ముడిలో గుచ్చింది. వదిన వద్దనలేదు.

టీ కొట్టు రేకు మీదికి వంగిన కొమ్మని నేను గొడుగు కర్రతో కిందికి లాగాను. "కొయ్యకు" అన్నాడు అన్నయ్య. "నీ సెయ్యి దాని మీద పడనీకు." అక్కడున్నవాళ్ళకి తెలుగు రాదు, అయినా నేను సిగ్గుతో చచ్చాను.

ఎండ సరిగ్గా దాని మీద ఉంది. ఆయన కొమ్మని అందుకుని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక పువ్వు చూశాడు. కాస్త పక్కకి జరిపి ఇంకోటి. బోర్డు మీద అక్షరాలు సరిచూసినట్టు వరసగా చూసుకుంటూ పోయాడు. ముఖం మీద పుప్పొడి అంటింది. "ఈ పసుపు డబ్బాలో దొరకదు" అన్నాడు. "ఎంత కలిపినా రాదు." నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపాలనీ అనిపించలేదు. పని అయిపోయిందనుకున్నాను. ఆయన చూడాలనుకున్నది చూసేశాడు.

"ఏదీ, ఇలగ రా" అన్నాడు వదినతో. "ఎండల నిలబడు. ఎనక్కి తిరుగు."

వదిన తిరిగింది. నలుగురూ చూస్తుండగా ఆయన ఆవిడ తలని రెండు చేతులతో పట్టుకుని కన్ను దగ్గర పెట్టాడు. పూలరెమ్మ దొరికింది, నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. కన్ను పువ్వు మీద నుంచి జరిగింది. ముడి చుట్టూ, చెవి మీద, పాపిట దాకా, మెల్లగా తిరిగింది.

"ఇదెప్పుడైపోనాది?"

వదిన తల దించుకోబోయింది, ఆయన వదల్లేదు.

"మొత్తం తెల్లగైపోనాదేటే. రంగేసీదానివి గదా."

"మానీసినాను. యాడాది దాటింది."

"ఎందుకు?"

"సూసీవోడు నువ్వొక్కడివే" అంది వదిన, అటు తిరిగే. "నీకు కనబడనప్పుడు రంగెవుడికి?"

దురద అని నాతో చెప్పింది ఉత్తిదే. ఒకే ఇంట్లో, ఆయన కుర్చీ వెనకాలే ఏడాదంతా కూర్చుని కూర తరిగిన మనిషి తల నెరిసిపోయిందని ఆయనకి తెలియదన్న సంగతి నాకు ఏడు రోజుల్లో ఒక్కసారైనా తట్టలేదు.

"నాను ఆ కొమ్మనే సూసినాను" అన్నాడు అన్నయ్య. "పొద్దున్న ఆ ఒక్క గంటా నాకు ఎండుండీది. అదంతా ఆ కొమ్మకే పెట్టీసినాను."

"పోన్లే. ఇప్పుడు సూసినావు గదా."

జారిపోతున్న రెమ్మని ఆయన మళ్ళీ ముడిలో గుచ్చబోయాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి నిలిచింది. "రంగెయ్యకు" అన్నాడు. "దీని మీదే పసుపు బాగా కనబడతంది."

టీ కొట్టు ఆవిడ ముగ్గురికీ టీ పెట్టి, అన్నయ్యకి బాగా కనబడాలని కుర్చీ చెట్టు వైపు వేసింది. ఆయన దాన్ని చేత్తో తడిమి చూసుకుని, వదిన వైపు తిప్పుకుని, ఎండ ఉన్నంతసేపూ అలాగే కూర్చున్నాడు.